జూన్ ముప్పై ఒకటి

నా కోడలి పుస్తకాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఎండాకాలం ఈ ఒక్క మాట మింగలేక కక్కలేక ఇంట్లో దొంగపిల్లిలా తిరిగాను.

నా సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ముప్పై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని. రిటైరై పదేళ్ళయినా ఎర్ర పెన్ను వదల్లేదు. మందుసీసా మీది చీటీ దిద్దుతాను, కరెంటు బిల్లు వెనకాల షరతులు దిద్దుతాను. పక్కింటాయన గేటుకు తగిలించుకున్న బోర్డు కూడా ఒకరోజు దిద్దాను. ఆయన బోర్డు తీసి లోపల పెట్టుకున్నాడు, నాతో మాట్లాడటం మానేశాడు. "మీ నానమ్మ సర్వీసు మొత్తంలో ఒక్క తప్పు కూడా వదల్లేదు" అని నా కొడుకు తన కూతురికి గొప్పగా చెబుతుండేవాడు. నేను అవుననేదాన్ని కాదు, కాదనేదాన్నీ కాదు. సరిగ్గా అప్పుడే వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

కోడలు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటుంది. తెల్లవారుజామున లేచి, ఆఫీసు వేళ దాకా పిల్లల కోసం పుస్తకాలు రాస్తుంది. 'అడ్డదిడ్డం ఇల్లు' అని వాటి పేరు. అధ్యాయానికో గందరగోళం. ఆ ఇంట్లో ఒక నాన్న, ఒక అమ్మ, ఒక పిల్ల, ఒక నానమ్మ. ఒక్కరికీ ఒక్క పనీ తిన్నగా చేతకాదు. అప్పటికి రెండు పుస్తకాలు వచ్చాయి, పిల్లలు ఎగబడి చదివారు. ఆ ఇల్లు ఎవరిదని ఆవిడ ఎక్కడా రాయలేదు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఇంట్లో నలుగురం తడుముకున్నాం.

మూడో పుస్తకం ఎనిమిది నెలలు రాసింది. రేపోమాపో అచ్చుకు పంపాలనుకుంటుండగా, ఏప్రిల్ మొదట్లో వాళ్ళమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కోడలు హడావిడిగా సంచీ సర్దుకుని, ప్రింటు తీసిన కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది.

"ఇంకోసారి చూసుకుందామనుకున్నాను అత్తయ్యా, కుదర్లేదు. తప్పులేమైనా ఉంటే దిద్ది పంపించెయ్యండి. కంప్యూటర్లో మార్చడం మన గడుగ్గాయికి వచ్చు."

గడుగ్గాయి అంటే నా మనవరాలు. తొమ్మిదేళ్ళు. రెండు వేళ్ళతో టైపు కొడుతుంది, పది మందికి సరిపడా మాట్లాడుతుంది.

మొదటిరోజు అక్షర దోషాలు వెతికాను. ఒక్కటీ దొరకలేదు, అంత శ్రద్ధగా రాసింది. దాంతో నాకు చేతులు దురదపెట్టాయి. పని అప్పగించాక ఒక్క ఎర్రగీత కూడా లేకుండా కట్ట తిరిగివ్వడం నా వల్ల కాదు. రెండోరోజు నుంచి విషయం దిద్దడం మొదలుపెట్టాను.

నాలుగో అధ్యాయంలో నాన్న స్నానాలగదిలో మూడు గంటలు ఇరుక్కుపోతాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మెకానిక్కు, సొంతింట్లో గడియను మాత్రం రెండేళ్ళుగా తాడుతో కట్టి ఉంచుతాడు. నా కొడుకు లిఫ్టు మెకానిక్కే. గడియ సంగతీ నిజమే. అయితే మాత్రం లోకానికి చాటుకునే విషయమా ఇది? 'గడియ తాడుతో కట్టి ఉంది' అన్నది కొట్టేసి 'గడియ చక్కగా పనిచేస్తోంది' అని రాశాను. గడియ పనిచేస్తుంటే మనిషి మూడు గంటలు లోపలెందుకు ఉంటాడు? అదీ దిద్దాను. 'నాన్న స్నానం చేసి బయటికి వచ్చాడు.' పన్నెండు పేజీల అధ్యాయం పేజీన్నరకు దిగింది. వాక్యం బిగువుగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఏడో అధ్యాయంలో పిల్ల తన జుట్టు తానే కత్తిరించుకుని, అది కనపడకుండా వాళ్ళ నాన్న హెల్మెట్ పెట్టుకుని బడి ఫోటోలో నిలబడుతుంది. హెల్మెట్ తీసేసి రెండు జడలు వేశాను. తొమ్మిదో అధ్యాయంలో, ఊరందరి ఉత్తరాలూ చేరవేసే అమ్మ, పిల్ల బడికి ఇవ్వాల్సిన కాగితాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోతుంది. కాగితాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి బీరువాలో పెట్టాను. పదకొండోది నానమ్మది. షుగరున్న నానమ్మ తన బిస్కెట్ల డబ్బా తానే దాచి, ఎక్కడ దాచిందో మరిచిపోయి, ఇంటిల్లిపాదినీ దొంగలంటుంది. దాన్ని దిద్దలేదు, నిలువునా కొట్టేశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నానమ్మ పుస్తకంలో ఉండకూడదని నా అభిప్రాయం.

గడుగ్గాయి టైపు కొడుతూ మధ్యలో ఆగింది. "నానమ్మా, ఇక్కడ నవ్వొచ్చేది ఉండాలి కదా?"

"నవ్వొచ్చిందంటే అక్కడ తప్పున్నట్టే. అందుకే దిద్దాను. నువ్వు కానియ్యి."

"పాత దాని మీదే సేవ్ చెయ్యనా?"

"పాతది మనకెందుకు?"

పంపించాం. ఆ తర్వాత పాత కాగితాలన్నీ కూర్చుని నాలుగేసి ముక్కలుగా చింపాను. అది మా అచ్చాఫీసు రివాజు. దిద్దుబాటు పూర్తయ్యాక పాత ప్రూఫు బల్ల మీద ఉండకూడదు. ఉంటే ఎవరో ఒకరు దాన్నే చూసి అచ్చు కూర్చేస్తారు. ముక్కలు మర్నాడు చెత్తబండిలో వెళ్ళిపోయాయి.

కోడలు పన్నెండో రోజున తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే పుస్తకాలు వేసే ఎడిటరమ్మ దగ్గర్నుంచి జవాబొచ్చింది. కోడలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని పైకే చదివింది.

'ఈ ఇంట్లో ఎవరికీ ఏ లోపమూ లేదు, సంతోషం. కానీ ఇలాంటి ఇంటి గురించి పిల్లలు చదవరు. మే పదికల్లా మీ పాత ధోరణిలో పదకొండు అధ్యాయాలు రాకపోతే బడులు తెరిచే వేళకు పుస్తకం అందదు. అప్పుడిక ఈ వరుస ఇంతటితో ఆపెయ్యాల్సి వస్తుంది.'

కోడలికేమీ అర్థం కాలేదు. కంప్యూటర్ తెరిచి చూసుకుంది. చాలాసేపు చూసింది.

"అత్తయ్యా, నాన్న స్నానం చేసి బయటికి వచ్చాడు అని ఉంది. తర్వాత?"

"తర్వాతేముంది, తువ్వాలు ఆరేసుకున్నాడు" అన్నాను.

"పాత ప్రింటు ఎక్కడుంది?"

చింపేశానని చెప్పాను. ఎందుకు చింపాలో కూడా వివరించాను, పైగా కాస్త గొప్పగా. మధ్యలోనే నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. కోడలు నెమ్మదిగా కంప్యూటర్ మూసి, లేచి వెళ్ళి ఆరిన బట్టలు మడతపెట్టుకుంది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

నాకు సిగ్గేసింది. ఎనిమిది నెలల తెల్లవారుజాములు. అందరి పనులూ చేసుకుంటూ ఆ మనిషి తనకంటూ ఉంచుకున్నది ఆ రెండు గంటలే. వాటిని తీసుకెళ్ళి చెత్తబండికి వేసినదాన్ని నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజు నుంచి నేనే ముందు లేచి టీ పెట్టివ్వడం మొదలుపెట్టాను. "థాంక్స్ అత్తయ్యా" అనేది. ఖాళీ కాగితం ముందు కూర్చునేది. టీ చల్లారిపోయేది. నాలుగు రోజులు అలాగే గడిచాయి. "ఒకసారి నవ్వుతూ రాసింది మళ్ళీ ఏడుస్తూ ఎలా రాయను?" అని మొగుడితో అంటుంటే నా చెవిన పడింది.

ఐదోరోజు నా కొడుకు రంగంలోకి దిగాడు. వాడికి మాటలు తక్కువ, పని ఎక్కువ.

"ఇందులో కల్పించిందేముంది? అన్నీ మనం చేసిన వెధవ పనులేగా. చేసినవాళ్ళం ఇక్కడే ఉన్నాం. ఎవరి భాగోతం వాళ్ళు చెప్పుకుందాం, నువ్వు రాసుకో. ముందు నాది. నేను లోపల మూడు గంటలు లేను, రెండున్నరే."

"మూడు" అంది గడుగ్గాయి. "నేను కార్టూన్లు ఆరు చూశాను."

"సరే, మూడు. గడియ ఇలా పడింది..." అంటూ ఎలా పడిందో చూపించడానికి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఠక్కున చప్పుడైంది. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "అమ్మా, ఆ తాడు కొంచెం లాగు."

లాగాను. తాడు తెగి నా చేతికొచ్చింది.

గడుగ్గాయి తలుపుకు నోరు ఆనించి, లిఫ్టుల్లో రాసి ఉండేదంతా అప్పజెప్పింది. "కంగారు పడకండి. తలుపు బలవంతంగా తెరవకండి. సహాయం దారిలో ఉంది."

"ఆ రాతలు అంటించేది నేనేనే" అన్నాడు వాడు లోపల్నుంచి, ఏడుపు గొంతుతో.

అప్పుడు వినిపించింది నవ్వు. కోడలు నేల మీద చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూనే చెయ్యి చాచి "పెన్ను, పెన్ను" అంది. నా చేతికి అందింది ఎర్ర పెన్నే. అదే ఇచ్చాను. నాలుగో అధ్యాయం మొత్తం అక్కడే, తలుపు పక్కనే, ఎర్ర సిరాతో రాసేసింది. లోపలివాణ్ణి పక్కవీధి వడ్రంగి వచ్చి విడిపించాడు. చెత్తబండిలో పోయినదానికంటే ఈ అధ్యాయమే బాగుందని అందరం ఒప్పుకున్నాం, లోపలున్నవాడితో సహా.

ఆ తర్వాత గేట్లెత్తేసినట్టయింది. రోజూ సాయంత్రం బల్ల దగ్గర ఒకరు తమ తప్పు చెప్పడం, మిగతావాళ్ళు దానికి అతుకులు వెయ్యడం, పొద్దున్నే కోడలు రాసుకోవడం. గడుగ్గాయి హెల్మెట్ మళ్ళీ నెత్తికెక్కింది. కాగితం మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. మే ఏడో తారీఖుకు పది అధ్యాయాలు అయ్యాయి.

ఎవరూ నన్నడగలేదు. నేను పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. ఎనిమిదో తారీఖు సాయంత్రం కొడుకే ఎత్తాడు. "మరి పదకొండోది? అమ్మది?"

"అత్తయ్య అధ్యాయం వద్దులెండి" అంది కోడలు నెమ్మదిగా. "బిస్కెట్ల డబ్బా సంగతి ఆవిడకు నచ్చలేదు. పది చాలేమో అడుగుతాను."

దెప్పుతూ అనలేదు, మర్యాదగానే అంది. ఆ మర్యాదే గుచ్చుకుంది. పుస్తకంలో ఇల్లంతా ఉంటుంది, నేను ఉండను. నా అంతట నేనే గీత గీసి నన్ను కొట్టేసుకున్నాను.

"నానమ్మ తప్పులు చెయ్యదు కదా, అందుకే అధ్యాయం లేదు" అని గడుగ్గాయి తీర్పు చెప్పేసింది.

నేను కత్తి పక్కన పెట్టాను. "జూన్‌కి ఎన్ని రోజులే?"

"ముప్పై."

"ఒక ఏడాది మా ఊళ్ళో ముప్పై ఒకటి ఉన్నాయి" అన్నాను.

అప్పటికి నేను అచ్చాఫీసులో చేరి ఏడాది. చెప్పుల షాపువాళ్ళు జత కొన్నవాళ్ళకల్లా ఉచితంగా ఇవ్వడానికి గోడ క్యాలెండర్లు అచ్చువేయించారు. అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరు జూన్ నెలకు ముప్పై ఒకటో గడి కూడా కూర్చేశాడు. జూలై నుంచి తారీఖులన్నీ ఒక రోజు ముందుకు జరిగిపోయాయి. సోమవారం రావాల్సిన తారీఖు మంగళవారం గడిలో పడింది. అది పట్టుకోవడానికే నాకు జీతం. నేను సంవత్సరం చూశాను, షాపు పేరు చూశాను, మూడుసార్లు చూశాను. రోజులు లెక్కపెట్టలేదు. జూన్‌కి ఎన్ని రోజులో ఎవరికి తెలియదు? తెలిసినదాన్ని ఎవరు చూస్తారు? సంతకం పెట్టేశాను. ఊళ్ళో సగం గోడలకెక్కింది ఆ క్యాలెండరు.

"ఆర్నెల్లు ఎవరూ గమనించలేదు. ఆ ఏడు జూలై ఒకటిన బడులు తెరవాలి. ఆ పొద్దున పిల్లలు లేచి క్యాలెండర్ చూస్తే జూన్ ముప్పై ఒకటి. ఇంకా సెలవే. హెడ్మాస్టరు బడి తెరిచి, గంట కొట్టించి, ఒక్కడే నిలబడ్డాడు. పది మంది కూడా రాలేదట."

గడుగ్గాయి కుర్చీ మీద మోకాళ్ళ మీదికి లేచింది. "ఊరంతా ఒకరోజు సెలవు ఎక్కువ ఇచ్చావా నానమ్మా?"

"ఇచ్చాను. మర్నాడు ఆయన క్యాలెండర్ చుట్ట చుట్టుకుని మా అచ్చాఫీసుకొచ్చాడు. ఓనరు అందరినీ వరసగా నిలబెట్టి, ఎవరిదీ పని అన్నాడు. నాదేనని నాకు తెలుసు. నోరు పెగల్లేదు. పక్కనున్న కంపోజిటరు ముందుకొచ్చి, 'ఆవిడ దిద్దింది సార్, నేనే మార్చడం మరిచిపోయాను' అన్నాడు. అబద్ధం. నేను దిద్దనే లేదు. పాత ప్రూఫు ఉంటే బయటపడేది. రివాజు ప్రకారం చింపేశాంగా. ఆయన్ని ఏడాదిపాటు అట్టలు కోసే చోట వేశారు. నేను అలాగే నిలబడ్డాను."

"కంపోజిటరంటే..." అన్నాడు నా కొడుకు.

"మీ నాన్నే."

పోయేదాకా ఆయన ఏటా జూన్ ముప్పైన "రేపు ముప్పై ఒకటి కదా, పనికి వెళ్ళాలా?" అని అడిగేవారు. ఆ పూట నేను టీ ఇచ్చేదాన్ని కాదు. అది కూడా చెప్పాను. చెబుతుంటే నా కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, నవ్వు కూడా వచ్చింది.

"ఒక్క తప్పు కూడా వదల్లేదని ఇన్నేళ్ళు వీడు చెబుతుంటే విన్నాను" అన్నాను కోడలితో. "నీ పుస్తకంలో తప్పులన్నీ చెరిపేసిందీ ఆ రోజు నోరు పెగలని ఈ మనిషే. రాసుకో. ఏమీ దిద్దను."

కోడలు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తర్వాత కాగితాలు ముందుకు లాక్కుంది. "హెడ్మాస్టరుకి మీసాలున్నాయా అత్తయ్యా?" అంది.

"ఉన్నాయి. పెద్దవి."

మే పదో తారీఖున పదకొండు అధ్యాయాలూ వెళ్ళాయి. రెండోరోజే ఎడిటరమ్మ ఫోను. నవ్వి నవ్వి ఆఫీసులో కుర్చీ విరిగిందని చెప్పింది, ఎవరి కుర్చీయో చెప్పలేదు. చివరి ప్రూఫు చూడటానికి మనిషి కావాలి, మీ అత్తగారు చూస్తారా అని కూడా అడిగింది. కోడలు నావైపు చూసింది. నేను తలూపాను. ఈసారి అక్షరాలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు, ఒట్టు.

జూన్ ముప్పైన, ఎండల వల్ల పొడిగించిన సెలవుల ఆఖరిరోజు, పిల్లల గ్రంథాలయంలో పుస్తకం విడుదల చేశారు. బయట తొలివాన. లోపల చాపల మీద ఇసుక వేస్తే రాలనంత మంది పిల్లలు. కోడలు పదకొండో అధ్యాయం చదివింది. హెడ్మాస్టరు ఖాళీ బడిలో తనకు తానే హాజరు వేసుకునే చోట పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. వెనక నిలబడ్డ, జుట్టు నెరిసిన ఒకాయన, "ఆ సెలవు నేను అనుభవించానమ్మా" అని అరిచాడు. పక్కింటాయన కూడా వచ్చాడు, చప్పట్లు కొట్టాడు. ముప్పై నాలుగేళ్ళలో నా పనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తప్పుకు కొట్టారు.

ఇంతలో ముందు వరసలో ఒక పళ్ళూడిన పిల్ల చెయ్యెత్తింది. "ఆంటీ, ఇందులో ముప్పై ఒకటో పేజీ రెండుసార్లుంది."

హాలంతా పుస్తకాలు తిరగేసిన చప్పుడు. నేనూ తిరగేశాను. ఉంది. ముప్పై ఒకటి, పక్కనే మళ్ళీ ముప్పై ఒకటి. అక్షరాలన్నీ చూశాను. పేజీల అంకెలు ఎవరు చూస్తారు?

ఎడిటరమ్మ నావైపు చూసి, గబగబా మైకందుకుంది. "అది ప్రెస్సువాళ్ళ పొరపాటమ్మా, ఇక్కడెవరిదీ..."

"కాదు" అంటూ లేచాను. మైకు లేకపోయినా వినపడింది. "ఆఖరి ప్రూఫు చూసింది నేను. అది నా తప్పే."

ఆ పిల్లలు నవ్విన నవ్వుకు వాన చప్పుడు కూడా వినపడలేదు. పళ్ళూడిన పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "కథలోలాగా తాతయ్య మీద పెట్టెయ్యొచ్చుగా?" అంది.

"ఒకసారి పెట్టాను తల్లీ. చాలు" అన్నాను.

కోడలు వేదిక దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికే సంచీలోంచి కాగితం తీసింది. "అత్తయ్యా, ఇది నాలుగో పుస్తకంలో రాసుకోనా?"

"రాసుకో. దిద్దడానికి మాత్రం నాకివ్వకు."

"మీకు కాకపోతే ఇంకెవరికిస్తాను?" అని, ఎర్ర పెన్ను కోసం నా ముందుకు చెయ్యి చాచింది.